పృచ్ఛకుడు కవి కాడు

కృత్రిమ మేధ నిజమైన కళను సృష్టించగలదా అన్న చర్చ మన దగ్గర ఎక్కువగా అరువు ఉదాహరణలతోనే సాగుతోంది. 2018లో న్యూయార్కులో క్రిస్టీస్ సంస్థ 4,32,500 డాలర్లకు వేలం వేసిన అల్గారిదం చిత్తరువు, 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో బహుమతి గెలుచుకున్న, మిడ్‌జర్నీ అనే ఏఐ సాధనం గీసిన బొమ్మ, వీటి చుట్టూనే మాట తిరుగుతోంది. ఆ రెండో బొమ్మ దగ్గరికి నేనూ వస్తాను గాని, ఈ ప్రశ్నను పరీక్షించడానికి తెలుగువాళ్ళకు అంతకంటే పదునైన పనిముట్టు ఒకటి ఉంది. అది అష్టావధానం. కచ్చితమైన నియమావళి, అడిగేవారు వేరు చెప్పేవారు వేరు అన్న స్పష్టమైన విభజన, అప్పటికప్పుడు తయారయ్యే పద్యం, దాన్ని అక్కడికక్కడే తూచే సభ: ఇవాళ చాట్‌జీపీటీ ముందు కూర్చున్న మనిషి చేస్తున్న పనికి ఇంత దగ్గరగా వచ్చే సంప్రదాయ ప్రక్రియ మనకు మరొకటి లేదు.

అవధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది రకాల చిక్కులు పెడతారు. ఒకరు అసంబద్ధంగానో అనుచితంగానో ధ్వనించే ఒక పాదాన్ని సమస్యగా ఇచ్చి, అది సబబే అనిపించేలా పద్యం పూరించమంటారు. మరొకరు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలిచ్చి, వాటిని నాలుగు పాదాలలో ఇమిడ్చి మహాభారత కథ పరంగానో మరో విషయం మీదనో పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని ఒక్కో అక్షరం పలికినప్పుడల్లా ఆ తర్వాత రాకూడని అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు. నడుమ గంట మోగుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవారు కూర గురించో కొత్త కోడలి గురించో అడిగి ఏకాగ్రత చెడగొట్టాలని చూస్తారు. ఆవృత్తికి, అంటే ఒక్కో చుట్టుకు, ఒక పాదం చొప్పున పద్యాలన్నీ పూర్తిచేశాక, చివర వాటన్నిటినీ ధారణతో వరుసగా అప్పగించాలి.

ఈ చిక్కులలో సగం యంత్రానికి చిక్కులే కావు. ధారణ దానికి సమస్య కాదు, గంటల లెక్క అసలే కాదు. మిగిలింది ఛందస్సు. ఉత్పలమాల పాదానికి భ, ర, న, భ, భ, ర, వ గణాలు, 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, నాలుగు పాదాలలోనూ రెండో అక్షరానికి ప్రాస. ఇంతకంటే యాంత్రికంగా చెప్పదగిన నియమం కవిత్వంలో మరొకటి ఉండదు; పద్యాన్ని ఇస్తే గణవిభజన చేసి తప్పులు చూపే సాఫ్ట్‌వేర్లు తెలుగులో ఎప్పటినుంచో ఉన్నాయి. విచిత్రమేమిటంటే, చాట్‌జీపీటీ వంటి నేటి భాషా నమూనాలు తడబడుతున్నది సరిగ్గా ఇక్కడే. అవి వాక్యాన్ని చూసేది ముక్కలుగా. ఆ ముక్కలు మన అక్షరాలతో సరిపోవు, కాబట్టి ఏది గురువో ఏది లఘువో వాటికి నేరుగా కనబడదు. ఆటవెలది అడిగితే నాలుగు వచనపు ముక్కలు పేర్చి, ఇది ఆటవెలది అని ధీమాగా ప్రకటించడం నేను చాలాసార్లు చూశాను. దాన్ని చూపించి మన పద్యప్రియులు కొందరు సంబరపడుతున్నారు. ఆ సంబరం ఎక్కువ కాలం నిలవదు. నమూనాకు ఒక గణపరీక్షక ప్రోగ్రామును జోడించి, తప్పిన పాదాన్నల్లా పారేసి మళ్ళీ రాయిస్తే యతిప్రాసలు దారికొస్తాయి. యతి కుదరదు కాబట్టి యంత్రం కవి కాదు అనేవారు, కుదిరిన రోజున దానికి గండపెండేరం తొడుగుతారా?

అందువల్ల అవధానంలో రెండు విషయాలను విడదీసి చూడాలి. ఒకటి సాహసం, రెండోది పద్యం. సాహసం విషయంలో చెప్పవలసింది పెద్దగా లేదు: క్రేను బరువెత్తితే ఎవరూ చప్పట్లు కొట్టరు. మనిషి మెదడుకు ఉన్న పరిమితి తెలుసు కాబట్టే ధారణను చూసి ఆశ్చర్యపోతాం. కానీ సాహసమూ పద్యమూ ఒకటి కావని అవధాన చరిత్రే చెబుతోంది. ఆ ప్రక్రియను ఊరూరా తిప్పి, సంస్థానాలలో జెండా ఎగరేసిన తిరుపతి వేంకట కవుల పద్యాలలో ఇవాళ మామూలు జనం నోట వినిపించేవి ఏవి? పాండవోద్యోగ విజయాలలోని రాయబార పద్యాలు. అంటే సభలో పృచ్ఛకుల మధ్య చెప్పినవి కావు, నాటకం కోసం రాసినవి. అవధాన పద్యాలలో మంచివి లేవని కాదు. అక్కడ మనం మెచ్చుకున్నది చాలాసార్లు గట్టెక్కిన తీరును, గట్టెక్కాక చేతిలో మిగిలిన పద్యాన్ని కాదు. యంత్రం వచ్చి ఆ తేడాను మన కళ్ళముందు పెట్టింది.

ఇక పద్యం సంగతి. 9వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో, యంత్రం ఊసే లేని కాలంలో, ఈ చర్చకు పనికొచ్చే ఒక నిర్ణయం చేశాడు. రసభావాలను చెప్పాలన్న తలపు కవికి లేకుండా, కేవలం శబ్దాలంకారాలనో అర్థాలంకారాలనో కూర్చిన రచనకు ఆయన చిత్రమని పేరు పెట్టాడు. అది ముఖ్యమైన కావ్యం కాదని, కావ్యానికి అనుకరణ మాత్రమేనని తేల్చాడు. అవే అక్షరాలు వేరే అర్థంతో మళ్ళీ వచ్చే దుష్కరమైన యమకాలను ఆ కోవలో చేర్చాడు. అక్షరాలు బొమ్మల ఆకారంలో అమరే మన బంధకవిత్వాలు, ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకేలా ఉండే పద్యాలు ఆ జాబితాలోకే వస్తాయి. ఆయన పెట్టిన గీత నైపుణ్యం దగ్గర లేదు, అందం దగ్గర లేదు, కొత్తదనం దగ్గర కూడా లేదు. చెప్పేవాడికి చెప్పవలసింది ఉందా లేదా అన్న దగ్గర ఉంది.

ఇక్కడ వెంటనే ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. కవి తలపుతో మనకేం పని, చదివినవాడికి కన్నీరొస్తే చాలదా? ఆనందవర్ధనుడు దీన్నీ వదిలిపెట్టలేదు. కవికి ఆ తలపు లేకపోయినా, మాటలకు సహజంగా ఉన్న శక్తి వల్ల రసస్ఫూర్తి కలగవచ్చని ఒప్పుకున్నాడు. కాకపోతే అది మిక్కిలి దుర్బలంగా ఉంటుందన్నాడు. నాకు ఈ మాట చాలా న్యాయంగా తోస్తుంది. అమ్మ, వాకిలి, మునిమాపు, ఎవరూ లేని ఇల్లు అన్న మాటలను ఏ వరుసలో పేర్చినా తెలుగువాడికి గుండెలో ఎక్కడో కదులుతుంది. ఆ కదలిక మాటలది, వాటిని మన చేత వందల ఏళ్ళు వాడించిన జీవితాలది. యంత్రం ఆ నిధిమీద కూర్చుని ఉంది కాబట్టి, అది రాసినదాన్ని చదివి మనం చలించడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

2024 నవంబరులో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనాన్ని యంత్రపక్షం వారు తరచుగా ఉదహరిస్తారు. పదిమంది ప్రసిద్ధ ఆంగ్లకవుల కవితలను, వారి శైలిలో చాట్‌జీపీటీ రాసిన కవితలను కలిపి సాధారణ పాఠకుల ముందు పెడితే, ఏది ఎవరిదో సరిగ్గా చెప్పగలిగింది 46.6 శాతం సార్లే. నాణెం ఎగరేసినా అంతకంటే మెరుగైన ఫలితం వచ్చేది. పైగా యంత్రం రాసినవాటికే ఎక్కువ మార్కులు పడ్డాయి. కానీ కారణంగా పరిశోధకులు సూచించినది గమనించాలి. యంత్రం కవితలు ఇట్టే అర్థమయ్యాయి కాబట్టి నచ్చాయి. మనుషుల కవితల్లోని జటిలత్వాన్ని పాఠకులు యంత్రం చేసిన తప్పుగా పొరబడ్డారు. కవితతో కుస్తీ పట్టవలసి వచ్చిన చోట అవతల ఎవరూ లేరనుకున్నారన్నమాట. అయినా ఆ అధ్యయనాన్ని నేను తోసిపుచ్చను. విడిగా నాలుగు పాదాలిచ్చి ఇది ఎవరు రాశారో చెప్పమంటే నేను కూడా బోల్తాపడవచ్చు. కాబట్టి తేడా పద్యం పైపొరమీద ఎప్పుడూ కనబడి తీరుతుందని నేను అనడం లేదు. అది ఎక్కడ కనబడుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను.

పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో మొసలికి చిక్కిన గజేంద్రుడు దేవుణ్ణి పిలుస్తాడు. జగత్తు ఎవనివల్ల పుట్టిందో ఎవనిలో లీనమవుతుందో అతణ్ణి శరణు వేడుతున్నానంటూ, వేదాంతం తొణకని వృత్తాలలో స్తుతి సాగుతుంది. ఆ నడుమ హఠాత్తుగా ఒక కందం వస్తుంది. దీనుల యెడ ఉన్నాడంటారు, యోగుల పాల ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు, ఆ ‘కలడు కలం డనెడివాడు కలడో లేడో’ అని ఏనుగు సందేహిస్తుంది. పరమభక్తుడిగా లోకం కొలిచే కవి, భక్తి శిఖరానికి ఎక్కుతున్న ఘట్టంలో, మొర పెట్టుకునేవాడి నోట దేవుడు ఉన్నాడో లేడో అనిపించాడు. ఆ సందేహం దాటాకే ‘లావొక్కింతయు లేదు’ అన్న శార్దూలం వస్తుంది; అక్కడ వాక్యాలు చిన్నచిన్నవై తెగిపోతుంటాయి, బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది. ఆ క్రమాన్ని తారుమారు చేయండి, పద్యాలు అన్నీ అలాగే ఉంటాయి, ఘట్టం చచ్చిపోతుంది. నేను చెప్పదలచుకున్న తలపు అంటే ఇదే. అది కవి జీవితచరిత్రలో వెతకవలసిన రహస్యం కాదు. ఒకచోట ఈ మాట ఉండాలి, అంతకుముందు ఉండకూడదు అని పట్టుబట్టినవాడి ఆనవాలు.

భక్తుడి ఆర్తి మీద పద్యం రాయమని యంత్రాన్ని అడిగితే ఆర్తి వస్తుంది, దండిగా వస్తుంది. సందేహం కూడా చేర్చమని అడిగితే సందేహమూ వస్తుంది. అడగకుండా రావడమే అరుదు, ఎందుకంటే అది వెతుకుతున్నది ఆ సందర్భంలో ఎక్కువమంది అనదగిన మాటను, తర్ఫీదు సమయంలో మనుషులు మెచ్చుకున్న తీరుకు దగ్గరగా ఉన్న మాటను. అలాంటి ఎంపికలోనూ అప్పుడప్పుడు మెరుపులు ఉంటాయి. తెలుగులో మాత్రం ఇప్పటికి నాకు ఎదురైనవి చాలావరకు నిశ్శబ్దపు సంద్రాలు, కాలం అంచులు, వెలుగు దారాలు. ఏ ఊరివో చెప్పలేని మాటలు.

నా వాదనకు గట్టి అడ్డంకి పాశ్చాత్య సిద్ధాంతాల నుంచి కాదు, మన చాటువుల నుంచి వస్తుంది. ఎవరు రాశారో తెలియని పద్యాలను తరతరాలుగా నోట పెట్టుకుని ఆనందిస్తున్న జాతికి, కవి ఎవరన్నది అంత ముఖ్యమా? శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న సీసపద్యాన్ని తీసుకుందాం. గుత్తకు తీసుకున్న పొలం పంట పోయి, పన్ను బకాయికి నడివీధిలో ఎండలో నిలబెట్టి శిక్షించిన వృద్ధకవి, ఒకప్పటి తన వైభవాలకూ ఇప్పటి శిక్షలకూ జత కలుపుతూ చెప్పిన పద్యం. కృష్ణవేణమ్మ ఫలం కొనిపోయింది, నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి, టంకాలు 700 ఎలా చెల్లించేది అని ముగింపుకొస్తుంది. ఇది శ్రీనాథుడే చెప్పాడా, ఆయన కష్టం విని మరొకరు చెప్పారా అన్నది పండితులు తేల్చుకోవలసిన సంగతి. కర్త ఎవరైనా, బాకీ ఎంతో తెలిసినవాడు, పిట్టలు తిన్నవి నువ్వులూ పెసలూ అని పట్టించుకున్నవాడు ఒకడు ఉన్నాడు. ఆ తర్వాత ఆ పద్యాన్ని నిలుపుకున్నవారు కూడా ఊరికే నిలుపుకోలేదు. బాగాలేని వేల పద్యాలను మరచిపోయి దీన్ని మిగిల్చారు. చాటువుకు కవి లేకపోవడం కాదు, కవి పేరు లేకపోవడం మాత్రమే. పేరు పోయినా మనిషి పోడు. యంత్రం పద్యానికి పేరు పెట్టుకోవచ్చు, వెనక ఆ మనిషి లేడు.

నా పక్షాన వినిపించే ఒక వాదనను మాత్రం నేను వాడుకోను. యంత్రం ఇతరుల రచనలను దొంగిలించి నేర్చుకుంది కాబట్టి అది చేసింది కళ కాదని అంటారు. బొమ్మలు, వాటి వర్ణనలు జతలుగా 585 కోట్ల దాకా ఉన్న లయన్-5బీ వంటి భాండాగారాలను చిత్రకారుల అనుమతి లేకుండా పోగుచేశారన్నది నిజం. వారికి పరిహారం దక్కాలన్నది కూడా న్యాయమే. కానీ అది ఆస్తి తగాదా. 10వ శతాబ్దంలోనే రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణానికి, అర్థహరణానికి అధ్యాయాలే కేటాయించి, దొంగ కాని కవీ లేడు, దొంగ కాని వర్తకుడూ లేడన్న శ్లోకం చెప్పాడు. అప్పు తెచ్చుకున్నా అది కళ కావచ్చు. అప్పు తీర్చనంత మాత్రాన కాకుండా పోదు.

ఇప్పుడు కొలరాడో బొమ్మ. దాన్ని పోటీకి పెట్టిన జేసన్ అలెన్, తాను కనీసం 624 సార్లు సూచనలు మార్చి మార్చి ఇచ్చి ఆ బొమ్మను రాబట్టానని, కాబట్టి కర్తను తానేనని వాదించాడు. అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023 సెప్టెంబరులో ఒప్పుకోలేదు. చట్టం సంగతి అటుంచితే, అవధాన సభలో కూర్చున్న మనకు ఈ తగువు తీర్చడం కష్టం కాదు. సూచన రాసేవాడు పృచ్ఛకుడు. మంచి సమస్య ఇవ్వడం కూడా విద్యే. ఆ ఒక్క పాదంలో పృచ్ఛకుడి కొంటెతనం, పాండిత్యం కనబడతాయి, సభ దానికి వేరుగా చప్పట్లు కొడుతుంది. అయితే పూరించిన పద్యాన్ని పృచ్ఛకుడి ఖాతాలో వేసినవాళ్ళు ఇంతవరకు లేరు. 624 సార్లు అడిగినా అడగడం అడగడమే. అవధానంలో పృచ్ఛకుడు కవి కానప్పుడు అవధాని కవి. ఇక్కడ పృచ్ఛకుడు కవి కాడు, ఎదుటి కుర్చీ ఖాళీ. కవి లేకుండానే పద్యం తయారవడం సాహిత్య చరిత్రలో కొత్త సంగతి, దాన్ని కొత్త సంగతిగా గుర్తించకుండా పాత పేర్లు తగిలించడం వల్లే ఇంత గందరగోళం.

యంత్రాన్ని వాడితే కళ కాకుండా పోతుందని దీని అర్థం కాదు. 1966లో వెనిస్ బియెనాలే కళాప్రదర్శనలో బ్రిటన్ తరఫున పాల్గొన్న చిత్రకారుడు హెరాల్డ్ కోహెన్, 1970ల తొలినాళ్ళ నుంచి 2016లో మరణించేదాకా ఆరన్ అనే ప్రోగ్రామును పెంచుతూ వచ్చాడు. మూసిన ఆకారానికీ తెరిచిన ఆకారానికీ తేడా ఏమిటి, ఒక వస్తువు మరొకదాని వెనక ఉందని గీత ఎలా చెబుతుంది, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలి అన్నవాటిని తన కంటి అనుభవం నుంచి తవ్వి, స్వయంగా నియమాలుగా రాశాడు. ఆరన్ గీసిన ప్రతి గీత కోహెన్‌కు ముందుగా తెలియకపోవచ్చు, కానీ ఆ గీతలన్నీ ఆయన తలపుకు లోబడి పుట్టాయి. నా లెక్కలో అవి కళే, కర్త కోహెనే. ఆయన అడిగేవాడిగా ఉండిపోక, నాలుగు దశాబ్దాలు చెప్పే పనే చేశాడు.

పాట దగ్గర ఈ గీత ఇంకా సన్నగా ఉంటుంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కన్నుమూసిన కొన్నేళ్ళకు ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును ఏఐతో పుట్టించి వాడారని, తమ అనుమతి తీసుకోలేదని ఆయన కుటుంబం నోటీసు పంపిన విషయం 2024లో బయటికొచ్చింది. అదే ఏడాది ఏఆర్ రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను, వారి కుటుంబాల అనుమతితో, ప్రతిఫలం చెల్లించి, ఒక తమిళ పాటలో వాడారు. అనుమతి ఉందా లేదా అన్నదే అందరూ మాట్లాడారు. నాకు ఆసక్తి కలిగించేది వేరు. ఇలాంటి పాటలు తయారుచేసేటప్పుడు సాధారణంగా మరో గాయకుడు పాడతాడు, ఆ పాటకు ఆ తర్వాత కావలసినవారి గొంతు తొడుగుతారు. పల్లవి చివర ఎక్కడ ఊపిరి విడవాలి, ఏ అక్షరం మీద నవ్వాలి అన్న నిర్ణయాలు ఆ పేరు తెలియని గాయకుడివి. అంటే అక్కడ కళ ఉంది, కళాకారుడూ ఉన్నాడు. పోస్టరు మీద వేసింది మాత్రం ఇంకొకరి పేరు. బాలు పాటలో మనం ప్రేమించింది గొంతును మాత్రమే అయితే మిమిక్రీ కళాకారులు ఎప్పుడో ఆ లోటు తీర్చేవారు.

యంత్రంలో తలపు లేదని ఎలా చెప్పగలవని నన్ను అడిగేవారికి ఒక చిన్న పరీక్ష సూచిస్తాను. అది రాసిన పద్యంలో ఏదో ఒక మాట పట్టుకుని, ఇది ఇక్కడ అతకలేదు, మార్చమని అడగండి. మీరు చెప్పింది నిజమేనంటూ క్షణంలో మారుస్తుంది. పాతదే బాగుందనండి, దానికీ ఒప్పుకుంటుంది. పద్యం భావాన్ని తలకిందులు చేయమన్నా అంతే ఉత్సాహంగా చేస్తుంది. రాజు ఎవరైతే వారిని పొగిడిన ఆస్థానకవులు లేరా అంటే, ఉన్నారు. ఆ పొగడ్తల్లో ఎక్కువభాగం ఇవాళ శాసన పరిశోధకులు తప్ప ఎవరూ చదవరు. నాకు తెలిసిన కవులలో ఒక్క క్రియాపదం మార్చమన్నందుకు నెలల తరబడి మాట్లాడటం మానేసినవాళ్ళు ఉన్నారు. ఆ మొండితనాన్ని మెచ్చుకోమని కాదు. పద్యంలో వారికి సొంతమైనదేదో పణంగా ఉందని అది చెబుతుంది. రేపు ఏదైనా యంత్రం మార్చనని భీష్మించి, ఎందుకు మార్చకూడదో తనకు మాత్రమే తెలిసిన కారణం చెబితే, అప్పుడు ఈ వ్యాసాన్ని నేను మళ్ళీ రాయవలసి ఉంటుంది. అలా భీష్మించేలా తర్ఫీదు ఇస్తే ఏమిటంటారా, అది వేరే చర్చ, అప్పటికీ మొండితనం తర్ఫీదు ఇచ్చినవాడిదే.

ఈ పరీక్షకు ఒక ప్రయోజనం కూడా ఉంది. ఉగాది కవితల పోటీలకు, వెబ్ పత్రికల కథల పోటీలకు యంత్రరచనలు వస్తున్నాయని నిర్వాహకులు వాపోతున్నారు, కొందరు డిటెక్టర్లను ఆశ్రయిస్తున్నారు. ఆంగ్లంలోనే అవి నమ్మదగ్గవి కావు. ఓపెన్ఏఐ సంస్థ తాను తయారుచేసిన డిటెక్టరును కచ్చితత్వం చాలడం లేదని 2023లో తానే ఉపసంహరించుకుంది. దానికంటే, తుది వడపోతకు వచ్చిన కవులతో, వారు డల్లాస్‌లో ఉన్నా దర్శిలో ఉన్నా, ఫోనులో పది నిమిషాలు మాట్లాడటం మేలు. ఈ మాట ఎందుకు, ఈ పాదం ముందుకు జరిపితే ఏమవుతుంది, దీన్ని తీసేద్దామా అని పృచ్ఛకుడిలా అడగాలి. అలా అడిగితే యంత్రాన్ని తాకని కవులలో కూడా కొందరు జవాబు చెప్పలేక పోటీ నుంచి తప్పుకోవలసి వస్తుంది, అందుకు నాకేమీ అభ్యంతరం లేదు.